ట్రెబ్ నుంచి ఓంప్స్ దాకా: ఫ్రాన్స్ కాలువలో మీరే పడవ నడుపుకుంటూ ఒక రోజు

గోదావరి జిల్లాల వాళ్ళకి లాకులంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆత్రేయపురం పక్కన లొల్ల లాకుల దగ్గర ఒక్కసారి నిలబడినా చాలు, ఎగువ నీళ్ళు ఒక ఎత్తులో, దిగువ నీళ్ళు ఇంకో ఎత్తులో ఉంటే మధ్యలో తలుపులు ఏం చేస్తాయో తెలిసిపోతుంది. కాటన్ దొర హయాంలో మన డెల్టా కాలువలు తవ్వడానికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే, దక్షిణ ఫ్రాన్స్‌లో పియేర్-పాల్ రికే అనే ఆయన ఇలాంటి లాకులతో 240 కిలోమీటర్ల కాలువ కట్టించాడు. దాని పేరు కనాల్ దు మిది. 1666లో అనుమతి వచ్చింది, 1681లో పడవలు తిరిగాయి. రికే మాత్రం అంతకు కొన్ని నెలల ముందే, 1680లో కన్నుమూశాడు. మన కాలువల్లో పడవ ప్రయాణం దాదాపు ఆగిపోయింది కానీ అక్కడ మాత్రం పడవ అద్దెకి తీసుకుని, లైసెన్సు లేకుండా, ఎవరి పడవ వాళ్ళే నడుపుకోవచ్చు.

యూరప్‌లో ఉంటున్నవాళ్ళు, వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు ఈ ప్రయాణం గురించి తరచూ అడుగుతుంటారు. వాళ్ళందరికీ నేను ముందుగా చెప్పే మాట ఒకటే: కాలువ మీద రోజుని కిలోమీటర్లతో లెక్కపెట్టకండి, లాకులతో లెక్కపెట్టండి. లాకులు ఎప్పుడు తెరుస్తారు, మధ్యాహ్నం ఎప్పుడు మూస్తారు, ఒక్కోటి దాటడానికి ఎంతసేపు పడుతుంది, ఈ మూడూ తెలిస్తే మిగతాదంతా దానంతట అదే కుదురుతుంది.

ఏ దారి, ఎటు వైపు

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే దారి ట్రెబ్ నుంచి ఓంప్స్ వరకు. ట్రెబ్ ఊరు కార్కసోన్ కోటకి దగ్గర్లోనే ఉంటుంది. దూరం సుమారు 28 కిలోమీటర్లు. రెండు ఊళ్ళలోనూ పడవలు అద్దెకిచ్చే రేవులున్నాయి. ఈ దిశలో వెళ్తే నీళ్ళు పల్లానికి దిగుతాయి కాబట్టి ప్రతి లాకులోనూ మీరు కిందికే దిగుతారు. కొత్తవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. పైకి ఎక్కేటప్పుడు నీళ్ళు లాకులోకి దూకుతూ వస్తాయి, పడవ అటూ ఇటూ ఊగిపోతుంది, తాడు పట్టుకోవడానికి ఒకరు ముందే గట్టెక్కి ఉండాలి. దిగేటప్పుడు లాకు నిండుగా ఉంటుంది, గట్టు మీ నడుము ఎత్తులోనే ఉంటుంది, నీళ్ళు నెమ్మదిగా జారతాయి.

లాకులో రెండు తలుపుల మధ్య నీళ్ళు నింపి వదిలే చోటుని గది అంటాను. దారిలో తగిలే లాకులు వరసగా ఇవి: ట్రెబ్ (మూడు గదులు), మార్సెయెట్ (ఒకటి), ఫోన్‌ఫీల్ (మూడు), సెయింట్ మార్టిన్ (రెండు), ఎగ్యుయ్ (రెండు), ప్యుయిషెరిక్ (రెండు), జువార్ (ఒకటి). మొత్తం పద్నాలుగు గదులు. ఒంటి లాకుకి పావుగంట, జంట లాకుకి ఇరవై అయిదు నిమిషాలు, మూడు గదుల దానికి నలభై నిమిషాలు వేసుకోండి. అంటే లాకులకే మూడు గంటలు. కాలువలో వేగం గంటకి 8 కిలోమీటర్లు మించకూడదు. మలుపులు, వంతెనలు, గట్టుకి కట్టిన పడవలు అన్నీ కలిపి చూస్తే సగటున ఆరు వస్తుంది, కాబట్టి ప్రయాణానికి నాలుగున్నర, అయిదు గంటలు. ఇది నిండు రోజు పని. ఇంట్లో పెద్దవాళ్ళు గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే దీన్నే రెండు రోజులు చేసుకోండి, ఏమీ కోల్పోరు.

వెళ్ళడానికి మంచి కాలం మే, జూన్, సెప్టెంబర్. జులై, ఆగస్టుల్లో ఎండ, రద్దీ రెండూ ఎక్కువే. చలికాలంలో మరమ్మతుల కోసం కాలువ మూసేస్తారు, అద్దె పడవలు నవంబర్ నుంచి మార్చి దాకా దాదాపుగా దొరకవు.

లైసెన్సు సంగతి

అద్దె పడవకి లైసెన్సు అక్కర్లేదు. రేవులో వాళ్ళు గంట, గంటన్నర సేపు పడవ నడపడం నేర్పి, ఆ అద్దె కాలానికి సరిపడే ఒక కార్డు రాసిస్తారు. దాని పేరు కార్త్ ద ప్లెజాన్స్. మీ సొంత పడవో, స్నేహితుడి పడవో అయితే లెక్క వేరు, దానికి సర్టిఫికెట్టు, యూరప్ జలమార్గాల నిబంధనల పరీక్ష కావాలి.

ఆ నేర్పే గంటని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చాలామంది తలూపేసి తొందరగా బయల్దేరాలని చూస్తారు. మీరు మాత్రం స్టీరింగ్ మీ చేతుల్లోకి తీసుకుని, గట్టుకి రెండుసార్లు ఆనించి, రెండుసార్లు బయటికి తీసి చూస్తామని అడగండి. వెనక్కి నడపడం కూడా చేయించుకోండి. తాడు వేసే మనిషి కూడా ఆ గంటంతా పక్కనే ఉండాలి, ఎందుకంటే లాకులో సగం పని వాళ్ళదే.

ముందు రోజు సాయంత్రం

పడవ సాధారణంగా మధ్యాహ్నం దాటాక చేతికిస్తారు. ఆ సాయంత్రం ట్రెబ్ రేవులోనే ఉండి సరుకులు తెచ్చుకోండి. ఫ్రాన్స్ చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం దుకాణాలు మూస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ దొరకదు. మంచినీళ్ళ ట్యాంకు నింపండి. పడవ పక్కన వేలాడే గాలి దిండ్లు, అంటే ఫెండర్లు, అన్నీ సరిగ్గా కట్టి ఉన్నాయో చూడండి. కొక్కెం కర్ర, గట్టున పాతి పడవ కట్టే ఇనప మేకులు, సుత్తి ఎక్కడున్నాయో ఇప్పుడే చూసిపెట్టుకోండి. ఒక సైకిలు కూడా అద్దెకి తీసుకోండి. గట్టు వెంట బాట ఉంటుంది, ఒకప్పుడు గుర్రాలు పడవల్ని తాడుతో లాగిన బాట అది. ఇంట్లో ఒకరు సైకిలు మీద ముందుగా వెళ్ళి లాకు ఖాళీగా ఉందో లేదో చూసి రావచ్చు.

వంట విషయంలో నా సలహా: పొద్దున్నే పులిహోర కలిపేసుకోండి. లాకులు వరసగా తగిలే దారిలో పొయ్యి వెలిగించి నిలబడే తీరిక ఉండదు, లాకులోకి వెళ్ళేటప్పుడు పొయ్యి మీద వేడి గిన్నె ఉండటం ప్రమాదం కూడా. పులిహోర, పెరుగన్నం సాయంత్రం దాకా చెడిపోవు, ఒంటిచేత్తో తినొచ్చు.

పొద్దున ఎనిమిదికి

ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి చూడండి. చాలా పడవల్లో వెనక ప్రొపెల్లర్ ఇరుసు దగ్గర గ్రీజు మర ఉంటుంది, దాన్ని రోజూ ఒక చుట్టు తిప్పాలి. చల్లబరిచే నీటి జల్లెడ ఉంటే అందులో ఆకులు తీసేయండి. మీ పడవలో ఇవి ఎక్కడున్నాయో రేవులోనే అడిగి తెలుసుకోవాలి.

తర్వాత మనుషుల్ని చూడండి. పిల్లలకి, ఈత రానివాళ్ళకి లైఫ్ జాకెట్ పొద్దున్నే వేసేయాలి, సాయంత్రం పడవ కట్టేశాకే తీయాలి. అందరికీ జారని బూట్లు. తాడు పట్టేవాళ్ళు చేతికి గాజులు, ఉంగరాలు తీసేయండి. చున్నీ, చీర కొంగు తాళ్ళ దగ్గర వేలాడకుండా బిగించి దోపుకోండి. చేతికి గ్లోవ్స్ ఉంటే ఇంకా మంచిది. తాడు కోసే కత్తి ఒకటి స్టీరింగ్ దగ్గర అందుబాటులో ఉండాలి.

పడవ నడిపే తీరు

కారు అలవాటు ఉన్నవాళ్ళు మొదటి అరగంట ఇబ్బంది పడతారు. స్టీరింగ్ తిప్పాక పడవ తిరగడానికి రెండు మూడు క్షణాలు పడుతుంది. అది తిరగట్లేదని ఇంకా తిప్పుతారు, అప్పుడు ఎక్కువ తిరిగి అవతలి గట్టుకి పోతుంది. కొంచెం తిప్పండి, ఆగండి, చూడండి, మళ్ళీ తిన్నగా తెచ్చుకోండి. పడవకి బ్రేకులు లేవు, ఆపాలంటే గేరు వెనక్కి వేయాలి. పడవ తన నడుము దగ్గర తిరుగుతుంది, అంటే ముక్కు కుడికి పోతే తోక ఎడమకి ఊడుస్తుంది. గట్టు దగ్గర ఇది గుర్తుంచుకోకపోతే వెనక భాగం రాళ్ళకి తగులుతుంది.

కాలువ మధ్యలోనే లోతు. అంచుల్లో రాళ్ళు, వేర్లు ఉంటాయి. ఎదురుగా పడవ వస్తే ఇద్దరూ ఎవరి కుడి వైపుకి వాళ్ళు జరగాలి. ప్రయాణికుల్ని తిప్పే పెద్ద పడవలకి దారివ్వండి. గట్టుకి కట్టిన పడవల పక్కన వేగం బాగా తగ్గించండి, లేకపోతే మీ అలకి వాళ్ళ మేకులు ఊడొస్తాయి. పాత రాతి వంతెనలు కమాను ఆకారంలో ఉంటాయి. మధ్యలోనే ఎత్తు, పక్కలకి వంగి ఉంటుంది. కాబట్టి సరిగ్గా నడిమధ్య పోవాలి, మేడ మీద కూర్చున్నవాళ్ళు దిగాలి, గొడుగు మూసేయాలి.

ఈ ప్రాంతంలో గాలి పెద్ద విషయం. పడమటి వైపు నుంచి వచ్చే పొడిగాలిని సేర్స్ అంటారు, సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలిని మరాఁ అంటారు. సేర్స్ వీస్తుంటే మీకు వెనక నుంచి తోస్తుంది, లాకు దగ్గర ఆగుదామన్నా పడవ ముందుకే జరుగుతుంటుంది. అలాంటి రోజు మామూలుకన్నా ముందే గేరు వెనక్కి వేయండి.

తొమ్మిదికి, ట్రెబ్ లాకు

వేసవిలో లాకులు ఉదయం 9కి తెరుస్తారు. మధ్యాహ్నం 12.30 నుంచి 1.30 దాకా భోజన విరామం. సాయంత్రం 7కి మూస్తారు, వేసవి కాని నెలల్లో ఇంకా ముందే. ఈ వేళల్ని ఫ్రాన్స్ జలమార్గాల సంస్థ వీఎన్ఎఫ్ ఏటా ప్రకటిస్తుంది, బయల్దేరేముందు మీ రేవులో అడగండి. తొమ్మిదికి తలుపు ముందు ఉండాలంటే ఎనిమిదీ ముప్పావుకి తాడు విప్పాలి.

లాకు ముందున్న దీపం ఎర్రగా ఉంటే దూరంగా ఆగండి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఉంటే లాకు సిద్ధమవుతోందని అర్థం. ఆకుపచ్చ ఒక్కటే ఉంటే లోపలికి వెళ్ళండి. దీపం లేని చోట లాకు మనిషి చెయ్యి ఊపేదాకా ఆగాలి. మన దగ్గర లస్కర్లు చేసే పనే ఆయనది. ముందు నవ్వుతూ 'బొన్‌జూర్' చెప్పండి, వెళ్ళేటప్పుడు 'మెర్సి' చెప్పండి. ఫ్రాన్స్‌లో పలకరించకుండా పని అడిగితే మర్యాదలేనట్టు లెక్క.

ఈ లాకుల గోడలు తిన్నగా ఉండవు, పైనుంచి చూస్తే కోడిగుడ్డులా మధ్యలో ఉబ్బి ఉంటాయి. రికే తొలుత తిన్నటి గోడలతో కట్టిస్తే మట్టి ఒత్తిడికి కూలిపోయాయి. అందుకే కమానులా వంచి కట్టించాడు. మూడున్నర శతాబ్దాలైనా అవే నిలబడ్డాయి. లోపల సుమారు 30 మీటర్ల పొడవు, మధ్యలో 11 మీటర్ల వెడల్పు ఉంటుంది, తలుపు దగ్గర మాత్రం అందులో సగమే. మూడు నాలుగు పడవలు ఒకేసారి పడతాయి.

ఇక తాడు పని. దిగేటప్పుడు ఇలా చేయాలి:

నెమ్మదిగా లోపలికి వెళ్ళి ఒక పక్క గోడకి ఆనండి. ముందు తాడు, వెనక తాడు రెండూ ఒక కొస పడవకి కట్టి ఉండాలి. రెండో కొసని గట్టు మీది ఇనప గుంజ చుట్టూ ఒక్కసారి తిప్పి మళ్ళీ పడవలోకి తెచ్చుకోండి. ఆ కొసని చేత్తో పట్టుకోవాలి. గుంజకి గానీ పడవకి గానీ ముడి వేయకూడదు. నీళ్ళు దిగుతుంటే తాడు కొంచెం కొంచెం వదులుతూ ఉండండి. తాడుని చేతికి చుట్టుకోకండి. కాళ్ళ దగ్గర తాడు చుట్టలు పడి ఉండకుండా చూసుకోండి.

ముడి వేస్తే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. మా మొదటి ప్రయాణంలో ఒక జంట లాకులో మా బావగారు తాడు జారిపోతుందేమోనని గుంజకి ముడి బిగించారు. నీళ్ళు దిగిపోతున్నాయి, పడవ ఒక పక్క వేలాడి వంగడం మొదలైంది. లోపల గిన్నెలన్నీ ఒక మూలకి జారిపోయాయి, మా అక్క పాపని పట్టుకుని గట్టిగా అరిచింది. లాకు మనిషి పరిగెత్తుకెళ్ళి నీళ్ళు ఆపాడు. మేము కత్తి కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కత్తి స్టీరింగ్ దగ్గర ఉండాలని అంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఇంకో ప్రమాదం వెనక తలుపు కింద ఉంటుంది. ఎగువ తలుపు అడుగున రాతి అరుగు ఒకటి నీళ్ళలో మునిగి ఉంటుంది. నీళ్ళు తగ్గాక అది బయటపడుతుంది. పడవ తోక దాని మీద ఉండిపోతే తోక అక్కడే ఆగి ముక్కు కిందికి దిగిపోతుంది. కాబట్టి లోపలికి వచ్చాక వీలైనంత ముందుకి జరగండి, నీళ్ళు దిగుతున్నంతసేపూ ఒకరు వెనక్కి చూస్తూనే ఉండాలి. పడవకీ గోడకీ మధ్య చెయ్యి గానీ కాలు గానీ అడ్డం పెట్టి ఆపాలని చూడకండి. పడవ కొన్ని టన్నుల బరువుంటుంది. తగిలితే ఫెండరు తగలనివ్వండి.

ట్రెబ్‌లో మూడు గదులు మెట్లలా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మొదటి గది దిగువ తలుపే రెండో గదికి ఎగువ తలుపు. ఒక గది దిగాక తాళ్ళు లాగేసుకుని తర్వాతి గదిలోకి జరిగి మళ్ళీ అదే పని. మూడో గదికి వచ్చేసరికి ఎవరు ఏం చేయాలో మీ ఇంట్లోవాళ్ళందరికీ తెలిసిపోతుంది.

మార్సెయెట్ దాకా, నీడ లేని నీళ్ళు

తర్వాత తొమ్మిది కిలోమీటర్లు లాకు లేదు. పిల్లలకి స్టీరింగ్ ఇచ్చి పక్కన నిలబడటానికి ఇదే చోటు. ఫొటోల్లో చూసినట్టు రెండు పక్కలా చెట్ల పందిరి ఉంటుందనుకుంటే ఇక్కడ చాలా చోట్ల ఉండదు. ఆ చెట్లు కశ్మీర్ చినార్‌కి దగ్గరి చుట్టాలు, ప్లేన్ చెట్లంటారు. కాలువ పొడవునా 42,000 ఉండేవి. 2006లో ట్రెబ్‌కి ఎగువన విల్దుబేర్ దగ్గర వాటికి ఒక శిలీంధ్రం తెగులు కనిపించింది. దానికి మందు లేదు. వేరు నుంచి వేరుకి, గాయం నుంచి గాయానికి పాకుతుంది. సోకినవీ, వాటి చుట్టుపక్కలవీ వేలకొద్దీ నరికి కాల్చేశారు, ఇప్పుడు వేరే రకాల మొక్కలు నాటుతున్నారు. ఆ మొక్కల వరస చూస్తే నాకు మనసు బరువెక్కుతుంది, ధైర్యం కూడా కలుగుతుంది. మీరు చేయగలిగింది ఒకటుంది: పడవని ఎప్పుడూ చెట్టుకి కట్టకండి. తాడు ఒరిపిడికి బెరడు చీలితే తెగులుకి దారి ఇచ్చినట్టే. మేకులు పాతి వాటికే కట్టండి. టోపీలు, నీళ్ళ సీసాలు పైన పెట్టుకోండి.

భోజనం ఎక్కడ

మార్సెయెట్ లాకుకి పదకొండుంబావుకల్లా చేరతారు. అది దాటి ఇంకో మూడు కిలోమీటర్లు వెళ్తే ఫోన్‌ఫీల్. పన్నెండు దాటేసరికి ఆ తలుపు ముందుంటే కంగారు పడి లోపలికి దూరాలని చూడకండి, మూడు గదులు సగంలో ఆపరు కాబట్టి విరామానికి ముందు మిమ్మల్ని తీసుకోకపోవచ్చు. ఎగువనే గట్టుకి కట్టేసి పులిహోర తీయండి. ఒంటిగంటన్నరకి వరసలో మొదటి పడవ మీదే అవుతుంది. కాలువలో ఈత నిషేధం, పిల్లలకి ముందే చెప్పండి. వైన్ తాగేవాళ్ళు ఉంటే నడిపేవాళ్ళూ తాడు పట్టేవాళ్ళూ సాయంత్రం దాకా ముట్టుకోవద్దు.

మధ్యాహ్నం లాకుల వరస

ఫోన్‌ఫీల్, సెయింట్ మార్టిన్, ఎగ్యుయ్, ప్యుయిషెరిక్. ఆరు కిలోమీటర్లలో తొమ్మిది గదులు. రోజు మొత్తంలో ఎక్కువ పని ఇక్కడే. మీతోపాటు దిగే రెండు మూడు పడవలు ప్రతి లాకులోనూ అవే ఉంటాయి కాబట్టి వాళ్ళతో పరిచయం అయిపోతుంది. ముందు లోపలికి వెళ్ళిన పడవ తాళ్ళు పట్టుకునేదాకా వెనక పడవ ఆగాలి. ఎగ్యుయ్ దగ్గర గట్టంతా పాత ఇనుము, చెక్కలతో చేసిన బొమ్మలుంటాయి. లాకు మనిషి స్వయంగా చేసినవి. పిల్లల్ని దింపి చూపించండి, మీ పడవ దిగేలోపు వాళ్ళు దిగువ తలుపు దగ్గర ఎక్కొచ్చు.

అలసట వచ్చేది కూడా ఇక్కడే. సాయంత్రం నాలుగింటికి తాడు పట్టే మనిషిని మార్చండి.

లా రెదోర్త్ దగ్గర కాసేపు ఆగండి

ప్యుయిషెరిక్ తర్వాత గట్టు మీద పదకొండు కమానుల రాతి వంతెన కనిపిస్తుంది. దాని పేరు అర్జాఁ-దూబ్ల్ కళింగ (అలుగు). 1694లో కట్టారు. కాలువలో నీళ్ళు ఎక్కువైతే ఆ కమానుల కింది నుంచి పొర్లి పక్కనున్న ఏటిలోకి పోతాయి, గుర్రాలు మాత్రం పైనుంచి నడిచిపోయేవి. సైనిక ఇంజనీర్ వోబాన్ కాలువని పరిశీలించి చేయించిన మార్పుల్లో ఇదొకటి. చెరువు కళింగ చూసిన మన కళ్ళకి వెంటనే అర్థమయ్యే కట్టడం, నాకు ఈ దారి మొత్తంలో ఇష్టమైన చోటు.

ఇక్కడ గడియారం చూసుకోండి. అయిదున్నర లోపు అయితే ముందుకి వెళ్ళండి. దాటితే లా రెదోర్త్ చిన్న రేవులోనే రాత్రికి ఆగిపోండి. ముందున్న జువార్ లాకుని ఏడు లోపు దాటాలి, చీకట్లో అద్దె పడవ నడపకూడదు. ఓంప్స్ రేపు పొద్దున కూడా అక్కడే ఉంటుంది.

ఓంప్స్‌లో పడవ కట్టడం

జువార్ దాటాక మూడు కిలోమీటర్లకి ఓంప్స్ రేవు. చోటు దొరికితే గాలికి ఎదురుగా, బాగా నెమ్మదిగా, కొంచెం ఏటవాలుగా గట్టుకి రండి. ముక్కు తగలగానే ముందు తాడు మనిషి అడుగు వేసి దిగాలి, దూకకూడదు. ముందు తాడు గుంజకి వేశాక స్టీరింగ్ గట్టుకి వ్యతిరేక దిశలో తిప్పి కొంచెం ముందుకి గేరు వేస్తే తోక దానంతట అదే గట్టుకి వచ్చి ఆనుతుంది. అప్పుడు వెనక తాడు. ఇప్పుడు ముడి వేయొచ్చు.

రేవు ఆఫీసులో రుసుము కడితే కరెంటు, నీళ్ళు ఇస్తారు. ఇంజన్ ఆపాక గ్యాస్ మూత కట్టేయండి. ట్యాంకు నింపుకోండి. రేపు ఇక్కడి నుంచి ముందుకి వెళ్తే ఓంప్స్, ఓన్యోఁ, పెష్లోరియే, అర్జాఁస్ లాకులు దాటాక బెజియే దాకా 50 కిలోమీటర్లకి పైగా ఒక్క లాకూ ఉండదు. ఈ రాత్రికి తాళ్ళు విప్పి ఆరబెట్టి, చుట్టలు చుట్టి, ముందుదొకటి వెనకదొకటి వాటి చోట్లలో పెట్టేసి పడుకోండి.